చరణం మరిచిన అక్కతో కోనసీమలో నాలుగు రోజులు

కోనసీమలో కచేరీ చేయబోయేవాళ్ళకి ముందుగా ఒక మాట. "కచేరీకి ముందు మేం భోంచెయ్యం" అని అక్కడ ఎవరితోనూ చెప్పకండి. చెప్పినా ఫలితం ఉండదు. వాళ్ళు "ఆయ్, అలాగేనండి" అని ఎంతో మర్యాదగా తలాడించి, విస్తరి వేసి, మంచినీళ్ళ గ్లాసు పెట్టి, మీరు కూర్చునేదాకా పక్కనే నిలబడతారు. పాడేవాళ్ళు కడుపు నిండా తింటే ఊపిరి ఆడదని వివరించారనుకోండి, "అవునండి, ఊపిరికి బలం ఉండాలి కదండీ" అని ఇంకో గరిటె నెయ్యి వేస్తారు.

మేం నలుగురం, విజయవాడ వాళ్ళం. వకుళ అక్క పాడుతుంది. నేను, అంటే భారతిని, వయొలిన్ వాయిస్తాను. శేషగిరి గారిది మృదంగం, ఫణిది ఘటం. ఏడాదికి నాలుగైదు సార్లు ఇలా ఊళ్ళు పట్టుకు తిరుగుతాం. వకుళ అక్క నాకు తోడబుట్టినది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుని వాయిస్తున్నాను, తిట్లు తింటున్నాను, కాబట్టి అక్క అయింది.

మార్గశిర మాసంలో, మంచు పడే పొద్దున్న బయల్దేరాం. రావులపాలెం దగ్గర అద్దె కారు కొత్తపేట దారికి మళ్ళగానే రోడ్డుకి రెండు పక్కలా అరటిగెలల లారీలు, వాటి వెనక కాలవ, కాలవ వెనక కొబ్బరి. అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. అక్క మాత్రం నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"భారతీ, ఈసారి కూడా చరణం మరిచిపోతే ఇంక పాడను. ఎవరితోనూ అనకు."

సంగతేమిటంటే, మూడు నెలల క్రితం మా ఊళ్ళోనే ఒక కచేరీలో భైరవి రాగంలో పెద్ద కీర్తన పాడుతూ చరణంలో రెండో పాదం మరిచిపోయింది. నలభై ఏళ్ళుగా పాడుతున్న పాట. డాక్టరుకి చూపించుకుంది. జబ్బేమీ లేదు, అరవై నాలుగేళ్ళు వచ్చాయి, అంతే అన్నాడాయన. ఎదురుగా పుస్తకం పెట్టుకోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అన్నాను. ఇప్పటి పిల్లలు పలకంత ట్యాబ్ ఎదురుగా పెట్టుకుని దర్జాగా పాడుతున్నారు కూడా. కానీ అక్కకి పాఠం చెప్పిన గురువుగారు "పుస్తకం చూసేవాడు చదువుతాడు, పాడడు" అనేవారట. ఆ మాట ఆవిడకి శిలాశాసనం. పోనీ ఆ పాట మానేద్దామంటే అదీ ఒప్పుకోదు. ఒకదానికి భయపడి పారిపోతే రేపు ఇంకోటి పోతుంది అంటుంది. మొండితనంలో మా అక్క తర్వాతే ఎవరైనా.

కొత్తపేట: శేషగిరి గారి రవ్వ

కొత్తపేటలో మాకు బస ఇచ్చిన ఇంటి పెద్దావిడ కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి, మజ్జిగ పులుసు, ఆవడలు, పరమాన్నం పెట్టేరు. (చూశారా, నాలుగు రోజులకే నాకూ ఆ 'పెట్టేరు' పట్టుకుంది.) మా ఊళ్ళో కచేరీకి వెళ్తే ఒక ప్లేటు ఇడ్లీ, ఒక కప్పు కాఫీ ఇచ్చి సెక్రటరీ గారు వాచీ చూసుకుంటారు. ఇక్కడ వాచీ మేం చూసుకోవాల్సి వచ్చింది.

మృదంగానికి ఎడమ వైపు తోలు మీద బొంబాయి రవ్వ తడిపి ముద్దగా అద్దుతారు. అది ఉంటేనే ఆ వైపు గంభీరంగా పలుకుతుంది. శేషగిరి గారు ఎక్కడికి వెళ్ళినా ఒక చిన్న స్టీలు గిన్నెలో రవ్వ నానేసి వంటింటి గట్టు మీద ఓ మూల పెడతారు. ఆ రోజూ పెట్టి కునుకు తీశారు. లేచేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. పెద్దావిడ ఒక ప్లేటులో చిన్న అట్టు పట్టుకొచ్చేరు.

"మీకు కడుపులో బాగాలేదేమోనండి. పాపం ఓ గుప్పెడు రవ్వ విడిగా నానేసుకున్నారు కదండీ. అల్లం వేసి అట్టు పోసేనండి."

శేషగిరి గారు మంచి మనిషి. మాట్లాడకుండా ఆ అట్టు తిన్నారు. తిన్నాక అసలు సంగతి చెప్పారు. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుని, గబగబా లోపలికి వెళ్ళి రవ్వ డబ్బా మొత్తం తెచ్చేరు.

"మీ మద్దెల ఎంత తింటుందండీ?" అన్నారు.

కచేరీ బాగా జరిగింది. భైరవి జోలికి పోలేదు, కల్యాణి పెద్దగా పాడింది. అక్కడ శ్రోతల్లో ఒక పద్ధతి చూశాను. పాదాన్ని కొత్త వంపుతో తిప్పి పాడటాన్ని సంగతి అంటాం; మా వైపు మంచి సంగతి పడితే 'భేష్' అంటారు. ఇక్కడ 'ఆయ్' అంటారు. అదీ నెమ్మదిగా, పాడేవాళ్ళు ఏదో అడిగితే జవాబు చెబుతున్నట్టు. అక్క ఒక సంగతి వేస్తుంది, ముందు వరుసలో నలుగురు "ఆయ్" అంటారు. రెండో రాగానికి అక్క వాళ్ళ వైపే చూసి పాడటం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ప్రయాణం గట్టెక్కుతుందనే అనుకున్నాను.

అమలాపురం: నేను చేసిన పని

మర్నాడు పొద్దున్న దారిలో అంబాజీపేట దగ్గర ఆగి పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఉడికించిన ఇడ్లీ. జత ముప్పై రూపాయలు. ఆకు వాసన పట్టిన ఆ ఇడ్లీ తిన్నాక మా ఊరి ఇడ్లీ మీద మనసు విరిగిపోతుంది, ముందే చెబుతున్నాను. ఫణి ఘటాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. బల్లకి అవతల కూర్చున్న ఆయన చాలాసేపు చూసి, "ఆవకాయేనాండీ? ఈ కాలంలో ఎక్కడ దొరికిందండీ?" అని అడిగేడు.

అమలాపురంలో హాలు నిండింది. నిర్వాహకులు ముందే కోరారు, భైరవి కీర్తన కావాలని. అక్క సరే అంది.

ఇక్కడ మా వృత్తి మర్యాద ఒకటి చెప్పాలి. వయొలిన్ పక్కవాద్యం. పాడేవారు ముందు నడవాలి, మేం అర అడుగు వెనక నీడలా రావాలి. నాకంతా తెలిసినా సరే, పాడేవారి కంటే ముందు అడుగు వేయకూడదు. వేస్తే అది ఆవిడ భుజం పట్టుకుని పక్కకి నెట్టినంత పని.

పల్లవి అయింది, అనుపల్లవి అయింది, చరణం మొదటి పాదం ఎత్తుకుంది. ఒకసారి పాడింది, రెండోసారి పాడింది, మూడోసారి ఇంకో సంగతితో పాడింది. నాలుగోసారి కూడా అదే పాదం మొదలుపెట్టింది. తర్వాత ఆవిడ ఆగిపోయింది. తాళం వేసే చెయ్యి వేస్తోంది, గొంతు లేదు. నేను ఆగలేకపోయాను. రెండో పాదం మొత్తం వాయించేశాను.

గోరుచుట్టు మీద రోకటి పోటని ఊరికే అన్నారా. శేషగిరి గారు కళ్ళు మూసుకుని వాయిస్తారు. పాట ఆగింది, వయొలిన్ ఒక్కటే వినబడింది, అదీ ఆగింది. కీర్తన అయిపోయిందనీ, తమ వంతు వచ్చిందనీ అనుకున్నారాయన. పెద్ద కీర్తన అయ్యాక మృదంగం, ఘటం మాత్రమే వాయించే ఘట్టం ఒకటి ఉంటుంది, తని అంటాం. చరణం సగంలో ఉండగా ఆయన తని మొదలుపెట్టేశారు. ఫణి వెంటనే అందుకున్నాడు. పదిహేను నిమిషాలు ఉరుములు మెరుపులు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. అక్క తాళం వేస్తూనే ఉంది, నా వైపు చూడలేదు. వాళ్ళు ముగించాక పల్లవి ఎత్తుకుని పాట పూర్తి చేసింది. జనం చప్పట్లు కొట్టేరు.

నిర్వాహకుడు వేదిక మీదికి వచ్చి, "చరణం మధ్యలో తని వేయడం కొత్త పద్ధతాండీ? బాగుందండి, వెరయిటీగా ఉందండి" అన్నారు.

బసకి వచ్చాక అక్క చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ అంది. "నేను మరిచిపోయానని అందరికీ తెలిసినా నాకేం కాదు. నువ్వు నాకు ముందు వాయించడం ఏమిటి?"

"అక్కా, నువ్వు ఆగిపోయావు."

"ఆగిపోతే ఆగిపోతాను. నా పాటలో నేను ఆగే హక్కు కూడా లేదా?" అంది. తర్వాత కాసేపటికి, "అంతర్వేదికి మాట ఇచ్చాం, పాడతాను. అదే ఆఖరు" అంది.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తప్పు నాదేనని తెలుసు. కానీ మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తానని కూడా తెలుసు. ఇరవై రెండేళ్ళు ఒక గొంతు వెనక నడిచినదాన్ని, ఆ గొంతు లేకపోతే నేను ఎవరి వెనక నడవాలి? ఈ మాట ఆవిడతో అనలేక మింగేశాను.

బండారులంక: అట్టకి తెలిసినది

మూడో రోజు అక్క నాతో మాట్లాడలేదు. అమలాపురం పక్కనే బండారులంక. శేషగిరి గారు వాళ్ళావిడకి చీర కొనాలన్నారు కాబట్టి వెళ్ళాం. వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. శేషగిరి గారు నడుస్తూనే తొడ మీద తాళం వేసుకోవడం మొదలుపెట్టారు.

మమ్మల్ని ఇంట్లోకి పిలిచినాయన పేరు వీరభద్రం. అరవై దాటి ఉంటాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తున్నాడు. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా గుచ్చి వేలాడుతున్నాయి. కాలు తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతోంది. చీర అంచులో నెమళ్ళు పడుతున్నాయి. అక్క చాలాసేపు నిలబడి చూసింది. ముందురోజు నుంచి అప్పుడే నోరు విప్పింది, అదీ ఆయనతో.

"ఎన్నేళ్ళుగా నేస్తున్నారు?"

"పదకొండో ఏట కూర్చున్నానండి."

"ఇన్నేళ్ళయింది కదా, నెమలి ఎక్కడ పడాలో మీకు తెలియదా? ఈ అట్టలెందుకు?"

"నెమలి ఎక్కడ పడాలో నాకు తెల్దండి. అట్టకి తెల్సండి."

"మరి మీకేం తెలుసు?" అంది అక్క. మా అక్క నోరు అలాంటిది. నాకు సిగ్గేసింది.

వీరభద్రం నొచ్చుకోలేదు. నవ్వేడు. "పోగు బిగిసేలా దెబ్బ ఎంత గట్టిగా కొట్టాలో నాకు తెల్సండి. వానాకాలం ఒకలాగ, ఎండాకాలం ఒకలాగ కొట్టాలండి. అది అట్టకి తెల్దు కదండీ."

శేషగిరి గారు నెమళ్ళ చీరే తీసుకున్నారు, రెండువేల ఎనిమిది వందలు. మా ఊళ్ళో షాపులో ఇదే చీర ఎంతకి అమ్ముతారో తెలిసిన నేను నోరు మూసుకుని ఇంకోటి తీసుకున్నాను.

రాజోలు: వెనక వైపు ఖాళీగా ఉన్న క్యాలెండర్

రాజోలులో సత్యవతి గారని ఒకావిడ ఇంట్లో దిగాం. వాళ్ళాయన కువైట్‌లో డ్రైవరు. ఆ వీధిలో నాలుగైదు ఇళ్ళ మగవాళ్ళు అక్కడే. ఆ సాయంత్రం ఆయన వీడియో కాల్ చేశాడు. సత్యవతి గారు ఫోన్ గోడకి ఆనించి, ఒళ్ళో ఒక కాయితం పెట్టుకుని మాట్లాడేరు. కొబ్బరి దింపు సంగతి, అత్తగారి కంటి ఆపరేషన్, గేదె ఈనడం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో ఆయన ఏదో అంటే పడీపడీ నవ్వేరు. కాల్ అయ్యాక అక్క అడిగింది, కాయితం ఎందుకని.

"రాసుకోకపోతే ఆయన మొహం చూడగానే అన్నీ మర్చిపోతానండి. ఫోన్ పెట్టేసాక గుర్తొచ్చి ఏడుపొచ్చేదండి. అయిదేళ్ళ నుంచి ఇంతేనండి."

"ఆయన ఏమీ అనరా?"

"చదువుతున్నావా మాట్లాడుతున్నావా అని వెక్కిరిస్తారండి. ఏదైతే ఏంటండి, చెప్పేది నేనే కదండీ."

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతుండగా అక్క, నా వైపు చూడకుండానే, "నీ చేతిరాత బావుంటుంది కదూ" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను. ఏమీ అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందని భయం. సత్యవతి గారు గోడ మీది కువైట్ క్యాలెండర్లోంచి అయిపోయిన నెలల కాయితాలు చింపి ఇచ్చేరు. దళసరి కాయితం, వెనక వైపు తెల్లగా ఉంది. పార్సిళ్ళ మీద పేర్లు రాసే లావు మార్కరు కూడా ఆవిడే ఇచ్చేరు. భైరవి చరణం మొత్తం ఒకదాని వెనక వేలెడేసి అక్షరాలతో రాశాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసి, "రెండో పాదంలో దీర్ఘం సరిగ్గా పెట్టు" అంది. నన్ను తిట్టడం మళ్ళీ మొదలుపెట్టింది, అదే పదివేలు అనుకున్నాను.

అంతర్వేది: గాలి

సఖినేటిపల్లి రేవు దగ్గర పంటులోకి, అంటే గోదావరి దాటించే పెద్ద పడవలోకి, లారీలు ఎక్కుతుంటే చూసి, అక్కణ్ణించి అంతర్వేది వెళ్ళాం. మేం రేవు దాటే పని మర్నాడు, నరసాపురంలో రైలెక్కడానికి. గోదావరి సముద్రంలో కలిసేచోట నీళ్ళు రెండు రంగులుగా ఉంటాయని అందరూ చెబుతారు. నాకు మూడు కనబడ్డాయి. ఎండుచేపలు ఆరబెట్టిన వాసన, గుడి వైపు నుంచి కర్పూరం వాసన ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. గొంతు బాగుంటుందని ఒకాయన నాలుగు కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చేడు. ఒక్కోటి ముప్పై రూపాయలని బోర్డు ఉంది కానీ మా దగ్గర తీసుకోలేదు.

కచేరీ సాయంత్రం నాలుగింటికి, గుడికి కాస్త ఎడంగా వేసిన పందిట్లో. చేపల వేటకి వెళ్ళకుండా ఊళ్ళో ఉన్నవాళ్ళూ, యాత్రికులూ వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో ఒకావిడ, పేరు మంగమ్మ, మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉంది. చాపలు పరిచింది ఆవిడే.

అక్క ఆ కాయితాన్ని తన ఎదుట, అందరికీ కనబడేలా పరిచింది. నాలుగు మూలల్లో రెండింటి మీద రెండు కొబ్బరికాయలు పెట్టించింది. తర్వాత మైకులో చెప్పింది. "ఈ పాట చరణం నాకు ఈ మధ్య గుర్తుండటం లేదు. అందుకని రాసి పెట్టుకున్నాను."

అక్క అంత తేలిగ్గా అనేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. జనంలోంచి నలుగురు "ఆయ్" అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. వాళ్ళకి అదేం వింతగా తోచలేదు.

పల్లవి, అనుపల్లవి హాయిగా సాగాయి. చరణం మొదటి పాదం దగ్గరికి వచ్చేసరికి సముద్రం వైపు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. కొబ్బరికాయ దొర్లింది. కాయితం లేచి ఫణి ఘటం మీదుగా పందిరి స్తంభం వైపు పోయింది. మంగమ్మ లేచి ఉరికి, పట్టుకుంది. పరుగున వచ్చి అక్కకి ఎదురుగా రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది.

క్యాలెండర్ బొమ్మ వైపు తిప్పి పట్టుకుంది. అక్కకి కనబడుతున్నవి కువైట్ భవనాలు, వాటి కింద సెప్టెంబరు నెల. మేం రాసిన చరణం జనం వైపు ఉంది.

అక్క మొదటి పాదం రెండోసారి పాడుతోంది. ఆ భవనాల వంక చూసింది. మంగమ్మ మొహం చూసింది. ఆవిడ ఎంత గట్టిగా, ఎంత శ్రద్ధగా పట్టుకుందంటే, తిప్పమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్క నవ్వేసింది. పాటలోనే, శ్రుతి తప్పకుండా నవ్వింది. కమాను తీగ మీదే ఆపి పెట్టుకున్నాను. ఈసారి ముందుకి వెళ్ళకూడదని పళ్ళు బిగించుకున్నాను.

పాదం ముగిసింది. అక్క నా వైపు తిరిగింది. మైకుకి దూరంగా జరిగి, నాకు మాత్రం వినబడేలా అంది.

"నువ్వు నడు. నేనొస్తాను."

వాయించాను. రెండో పాదం, తొందరపడకుండా, ఒక్కొక్క స్వరం నిలబెట్టి వాయించాను. సగానికి వచ్చేసరికి నా వెనక ఆవిడ గొంతు వినబడింది. ముందు మాట లేకుండా రాగం ఒక్కటే వచ్చింది, తర్వాత ఒక మాట, తర్వాత మిగిలినవన్నీ. పాట దారి పట్టాక మాటలు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి. శేషగిరి గారు ఈసారి కళ్ళు తెరిచి, నా చేతి వంకే చూస్తూ వాయిస్తున్నారు. చరణం పూర్తయింది. అక్క మళ్ళీ మొదటినుంచి అందుకుని, ఈసారి తనే ముందు నడుస్తూ, మొత్తం పాడింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. వయొలిన్ వాయించేవాళ్ళకి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అలాగే వాయించాను.

కచేరీ అయ్యాక మంగమ్మ ఆ కాయితం మడత పెట్టి తెచ్చింది. ఎవరో చెప్పేరు కాబోలు.

"తిరగేసి పట్టుకున్నానంటండి. తప్పయిపోయిందండి."

"తప్పేం లేదమ్మా. నువ్వు సరిగ్గా పట్టుకుని ఉంటే నేను అటే చూసేదాన్ని" అంది అక్క.

"మా ఇంట్లో మగోళ్ళు వేటకెళ్ళేరండి. ఈ పాట ఆళ్ళు వినలేదండి. వచ్చే యేడు ఇదే పాట మళ్ళీ పాడతారాండి?"

నేను వయొలిన్ పెట్టె మూత వేయబోతున్నదాన్ని ఆగిపోయాను. శేషగిరి గారు సర్దడం ఆపారు. ఆఖరు కచేరీ అని అక్క చెప్పిన మాట మా ఇద్దరికీ గుర్తుంది.

అక్క నా వైపు వేలు చూపించింది.

"ఈవిడ వస్తే పాడతాను."

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఎక్కడికి పాడటానికి వెళ్తే అక్కడికి నేను వెళ్తున్నాను. రమ్మని అడగడం ఎన్నడూ లేదు, టిక్కెట్టు తీశానని చెప్పడమే. "వస్తానక్కా" అన్నాను.